తైలసంస్కారం

పరిశోధన చేస్తున్న రోజుల్లో పాత కథల సంపుటాలు చదువుతుంటే ఒక మాట పదే పదే ఎదురయ్యేది. ‘తైలసంస్కారం లేని జుట్టు’. కథలోకి బీదరాలు వస్తే ఆమె జుట్టుకి తైలసంస్కారం ఉండదు. మతి చలించిన మనిషి వచ్చినా అంతే. మొగుడు వదిలేసిన మనిషికీ, కరువులో ఊరొదిలి వచ్చిన మనిషికీ అదే గుర్తు. ఈ ఒక్క మాట వేస్తే ఆమె గురించి రచయిత ఇంకేమీ చెప్పనక్కర్లేదు, పాఠకులకి అర్థమైపోతుంది. ఆ మాట కనబడిన ప్రతిచోటా పెన్సిలుతో గీత గీసుకుంటూ వచ్చాను. నూనె రాసుకోవడాన్ని ‘సంస్కారం’ అనుకున్నాం కదా, మరి నూనె లేని మనిషికి ఏం లేదని చెబుతున్నట్టు?

ఆ గీతలు గీస్తూ రెండో చేత్తో తల గోక్కుంటూ ఉండేదాన్నని కూడా చెప్పాలి. హాస్టల్లో చేరిన రెండో ఏటి నుంచి నాకు చుండ్రు విపరీతంగా ఉండేది. నల్ల జాకెట్టు వేసుకోవడం మానేశాను. సెమినారులో పేపరు చదువుతుంటే భుజాల మీద ఏం రాలిందో అన్న ధ్యాసే తప్ప చదువుతున్న దాని మీద మనసు నిలిచేది కాదు. ఇది సిగ్గు పడాల్సిన విషయమని నాకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పలేదు. ‘తలకి నూనె పెట్టుకోవా?’ అని ఒక తోటి విద్యార్థి అడిగినప్పుడు, నా కథల్లోని ఆ మాట నా నెత్తి మీదే వచ్చి కూర్చున్నట్టయింది.

సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్తే అమ్మ జడ విప్పి చూసి, ‘నెత్తంతా పొట్టు లేచిపోయింది. నూనె మానేశావా?’ అంది. మానలేదు. వారం పొడుగునా కొబ్బరినూనె దట్టంగా పట్టించి, ఆదివారం మాత్రం తలంటుకునేదాన్ని. పక్కనే కూర్చున్న అమ్మమ్మ, ‘నూనె పెట్టకే దానికి. అత్తయ్య మందు వెయ్యి’ అంది.

అత్తయ్య అంటే అమ్మమ్మకి మేనత్త. ఆవిడ మందు ఇది. గుప్పెడు మెంతులు రాత్రి నానబెట్టాలి. పొద్దున్నే పుల్లపెరుగు పోసి మెత్తగా కాటుకలా రుబ్బాలి. కుదుళ్ళకి పట్టించి అరగంట ఉంచి, కుంకుడు పులుసుతో పోసుకోవాలి. మూడు రోజులకోసారి ఇలా చెయ్యాలి. మందు వాడినన్నాళ్ళూ నూనె చుక్క తలకి తగలకూడదు. ఈ చివరి షరతు నాకు వింతగా అనిపించింది. ఏ పత్రికలో ఏ చిట్కా చదివినా నూనెతోనే మొదలవుతుంది కదా!

ఆ మేనత్త గురించి అమ్మమ్మ చెప్పినది కొంచెమే. శారదా చట్టం 1929లో వచ్చింది, ఆవిడ పెళ్ళి అంతకు చాలా ముందే అయిపోయింది. కాపరానికి వెళ్ళకుండానే భర్త పోయాడు. పుట్టింట్లోనే ఉండిపోయింది. పెద్దమనిషి అయ్యాక తల తీయించారు. అప్పటి నుంచి పోయేదాకా తెల్లచీర కొంగు నెత్తి మీద కప్పుకునే ఉంది. ఆ ఇంట్లో పురుళ్ళకి కాయం నూరేదీ, పిల్లలకి వసకొమ్ము అరగదీసేదీ, ఆడపిల్లలందరికీ తలంటి పోసేదీ ఆవిడే. జుట్టు సంగతులు ఆ ఇంట్లో అందరికన్నా బాగా తెలిసిన మనిషికి జుట్టు లేదు.

ఇది నాకు కొత్తగా తెలిసిన చరిత్రేమీ కాదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం జరిపించిన మొదటి వితంతు వివాహం గురించి బడిలోనే చదువుకున్నాం. ‘కన్యాశుల్కం’ మీద నేనే వ్యాసం రాశాను. అయినా సంస్కరణోద్యమం గురించి చదివేటప్పుడు వితంతువు నాకు ఒక సమస్యగానే కనబడింది. ఆమెకి పెళ్ళి చేశారా లేదా అన్నదే ప్రశ్న. పెళ్ళి కాకుండా మిగిలిపోయిన వేలమంది ఆ తరవాత నలభై ఏళ్ళో యాభై ఏళ్ళో ఏం చేశారు, వాళ్ళకి ఏం తెలుసు అన్న ప్రశ్న నాకు తట్టలేదు. స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ ప్రచురించి, ఉద్యమాల్లో స్త్రీల గురించి తెలుసుకోవాలంటే వాళ్ళనే కూర్చోబెట్టి అడగాలని మనకి నేర్పింది. ఉద్యమాల్లో లేని స్త్రీల గురించి కూడా అలాగే అడగాలని నాకు తెలియడానికి నా నెత్తి దురద పెట్టవలసి వచ్చింది.

శాస్త్రగ్రంథాలకి చుండ్రు కొత్త కాదు. సుశ్రుతసంహితలో క్షుద్రరోగాల మధ్య ‘దారుణకం’ అని ఒకటుంది. జుట్టు మొలిచే చోటు గట్టిపడి, దురదపెట్టి, పొడిబారి పగులుతుందని దాని లక్షణాలు. ‘క్షుద్ర’ అంటే ఇక్కడ చిన్న రోగమని అర్థం. చిన్నదైనా గ్రంథానికెక్కింది, పేరు పెట్టిన ఆచార్యుడు కూడా మనకి తెలుసు. మందు నూరిన చేతుల గురించి మాత్రం ఆ గ్రంథాల్లో వెతికినా కనబడదు.

షాంపూ అన్న మాట కథా ఇలాంటిదే. ఒత్తడం, మర్దనా చెయ్యడం అనే అర్థమున్న హిందీ ‘చాంప్నా’ నుంచి అది ఇంగ్లీషులోకి వెళ్ళింది. పాట్నాలో 1759లో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ 1814లో ఇంగ్లండులోని బ్రైటన్‌లో ఆవిరిస్నానాల శాల తెరిచి, ఇద్దరు రాజులకి ‘షాంపూ వైద్యుడు’ అనిపించుకున్నాడు. 1822లో తన చికిత్స గురించి పుస్తకమూ వేశాడు. అప్పటికి ఆ మాటకి ఒళ్ళు పట్టడమనే అర్థం. జుట్టు కడుక్కోవడమనే అర్థం పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలోగానీ స్థిరపడలేదు. అతని స్నానశాలలో ఆడవాళ్ళ విభాగం చూసుకున్నది భార్య జేన్. ఆమె పేరు మీద పుస్తకం లేదు.

మన మాట తలంటు. అంటడం అంటే పూయడం, తాకడం. అదే క్రియ నుంచి ‘అంటు’ అనే మైల మాటా వచ్చింది. ఆడవాళ్ళ విషయంలో ఈ రెండూ ఎంత దగ్గరగా నడిచాయో మన ఇళ్ళ భాషే చెబుతుంది. ‘తలకి పోసుకుందా?’ అని ఒక అమ్మాయి గురించి అడిగితే, అది జుట్టు శుభ్రత గురించి అడిగినట్టు కాదు, నెల మైల తీరిందా అని అడిగినట్టు. ‘నీళ్ళోసుకుంది’ అంటే కడుపుతో ఉందని అర్థం. మా ఇంట్లో శుక్రవారం తలంటు. మంగళవారం కూడదు, అమావాస్యనాడు కూడదు, ఇంట్లోంచి ఎవరైనా ప్రయాణమై వెళ్ళిన పూట కూడదు. ఆడదాని తల ఎప్పుడు తడవాలో పంచాంగమూ, నెలసరీ, ఇంట్లో మగవాళ్ళ ప్రయాణాలూ కలిసి నిర్ణయించేవి. తల దురద పెడుతోంది కాబట్టి ఇవాళ కడుక్కుంటాను అనే వీలు ఆ పట్టికలో ఎక్కడా లేదు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంటి మందులు అచ్చులోకి వచ్చాయి. తెలుగు పత్రికల చరిత్రకీ మందుల సీసాలకీ ఉన్న సంబంధం గురించి మనం తగినంతగా మాట్లాడుకోలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. తలనొప్పి మందు తెచ్చిన డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక పుట్టింది. మద్రాసులో డాక్టర్ కె.ఎన్. కేసరి స్త్రీల జబ్బులకి ‘లోధ్ర’ అనే మందు తయారుచేసి అమ్మారు. 1928లో ‘గృహలక్ష్మి’ పత్రిక పెట్టారు. కనుపర్తి వరలక్ష్మమ్మ ‘శారద లేఖలు’ ఆ పత్రికలోనే వచ్చాయి. 1934లో మొదటి గృహలక్ష్మి స్వర్ణకంకణం అందుకున్నదీ ఆవిడే.

దీన్ని ఒక వైపు నుంచే చూడడం నాకు చేతకాదు. అప్పటిదాకా వంటింట్లో నూరుకునే మందుకి సీసా, చీటీ, ధర వచ్చాయి. నూరే మనిషి కొనే మనిషిగా మారింది. తనకి తెలిసిన విద్యనే ఆమె తన డబ్బు పెట్టి, కాదు, మొగుణ్ణి అడిగి తెప్పించుకుని కొనుక్కోవాలి. కానీ ఆ సీసాలు అమ్మిన డబ్బుతోనే ఆడవాళ్ళు రాసుకోవడానికి కొన్ని పేజీలు దొరికాయి. ఇవాళ నేను ఇలా రాయగలుగుతున్నానంటే ఆ పేజీల ఋణం నా మీదా ఉంది.

ఇక కుంకుడుకాయ. లాటిన్‌లో ఆ చెట్టు జాతికి సేపిండస్ అని పేరు, భారతదేశపు సబ్బు అని అర్థం. కాయ పైపెచ్చులో సాపోనిన్లు ఉంటాయి. నీళ్ళలో పిసికితే నురగ వచ్చేది వాటి వల్లే. చిన్నప్పుడు నాకు తెలిసిన కుంకుడుకాయ వేడినీళ్ళ గిన్నెలో అమ్మమ్మ పిసికేది. కళ్ళు మండితే నోట్లో ఉప్పుకల్లు పెట్టేది. నల్లటి గింజల్ని గచ్చు మీద రుద్ది, వేడెక్కాక పక్కవాళ్ళ చెయ్యి కాల్చడం మా ఆట.

ఆ కాయ గిన్నెలోకి వచ్చేలోపు ఎన్ని చేతులు మారిందో అప్పుడు తెలియదు. మన్యంలో ఆదివాసీలు అడవంతా తిరిగి ఏరి తెస్తారు. 1956లో విశాఖపట్నంలో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ చింతపండు, తేనె, శీకాయలతో పాటు కుంకుడుకాయల్నీ వాళ్ళ దగ్గర కొంటూ వచ్చింది. ఆ తరవాత కాయలు ఎండబెట్టాలి, రాయి పెట్టి పగలగొట్టాలి, గింజ తియ్యాలి. బావి నుంచి నీళ్ళు తోడాలి, కాగు కింద కట్టెలు ఎగదొయ్యాలి. మా ఇంట్లో బావి దగ్గర నీళ్ళు తోడింది మా కులం మనిషి కాదు. ఆమెని పేరు పెట్టి ‘ఏమే’ అనే పిలిచేవాళ్ళని మాత్రం అమ్మమ్మ చెప్పింది. ‘మా అమ్మమ్మ చిట్కా’ అని నేను గర్వంగా చెప్పుకునే దానిలో ఆమె తోడిన నీళ్ళు కూడా ఉన్నాయి. వాటిని లెక్కలోకి తీసుకోకుండా సంప్రదాయ విజ్ఞానం అని మురిసిపోతే, గ్రంథం రాసిన ఆచార్యుడు చేసిన పనే నేనూ చేసినట్టవుతుంది.

అందుకే షాంపూ ప్యాకెట్టుని తిట్టడం నాకు అంత సులువు కాదు. తమిళనాడులోని కడలూరుకి చెందిన సి.కె. రంగనాథన్ 1983లో చిక్ షాంపూ మొదలుపెట్టాడు. 1999కల్లా అది యాభై పైసలకే దొరికింది. కిరాణా కొట్టు ముందు తోరణాల్లా వేలాడే ఆ ప్యాకెట్లు పల్లెల్లో కుంకుడుకాయని వెనక్కి నెట్టాయి. కాలవల్లో చెత్తయి పేరుకున్నాయి. పొద్దున్నే నాట్లకి వెళ్ళి పొద్దుగూకాక వచ్చే మనిషికి కాయలు కొట్టి, నీళ్ళు కాచి, అరగంట నురగ పిసికే తీరిక ఎక్కడిది? ఆ ప్యాకెట్టుతో, ఎవరూ తలంటి పోయనక్కర్లేకుండా, చన్నీళ్ళతో, తనకి కుదిరిన రోజున తల కడుక్కోగలిగింది. ఆ కాస్త వెసులుబాటుని కాదనడానికి నేనెవర్ని?

ఇప్పుడు శాస్త్రం ఏమంటోందో చూద్దాం. చుండ్రు మురికి వల్ల రాదు. మలసీజియా అనే ఈస్టు జాతి శిలీంధ్రం దాదాపు ప్రతి మనిషి తలమీదా ఉంటుంది. 1874లో దాన్ని వర్ణించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మలసే పేరే దానికి పెట్టారు. అది సొంతంగా కొవ్వు ఆమ్లాలు తయారుచేసుకోలేదు. మన చర్మం కింది గ్రంథుల్లో ఊరే జిడ్డుని విరగ్గొట్టుకుని తింటుంది. తినగా మిగిలిన ఓలిక్ ఆమ్లం లాంటివి కొందరి చర్మాన్ని రేపుతాయి. అప్పుడు చర్మకణాలు మామూలు కన్నా వేగంగా పుట్టి, పొలుసులు కట్టి రాలతాయి. జిడ్డు గ్రంథులు ఈడొచ్చాకే పుంజుకుంటాయి కాబట్టి చుండ్రు కూడా ఆ వయసులోనే మొదలవుతుంది. ఆడవాళ్ళ కన్నా మగవాళ్ళలోనే కాస్త ఎక్కువ. కానీ భుజాల మీద రాలిన పొట్టుకి సిగ్గుపడమని మనకి చెప్పినంతగా వాళ్ళకెవరూ చెప్పలేదు.

ఈ శిలీంధ్రాన్ని ప్రయోగశాలలో పెంచాలంటే పోషకం మీద ఆలివ్ నూనె పోసేవారని చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. నేను హాస్టల్లో వారం పొడుగునా చేసిన పనీ అదే కదా! అన్ని నూనెలూ ఒకటి కావన్నది కూడా నిజమే. 2021లో భారతీయ స్త్రీల మీద జరిగిన ఒక అధ్యయనం కొబ్బరినూనె వాడకం తలమీది మేలుచేసే సూక్ష్మజీవులకి అనుకూలంగా ఉందని చెప్పింది. కాబట్టి ఆ తగువు తేలిపోలేదు. కానీ జిడ్డుగా ఉండి, దురదపెట్టి, పొట్టు రాలే తలకి నూనె దట్టించి రోజుల తరబడి వదిలెయ్యడం మంచిది కాదనీ, తరచుగా కడగడమే ముఖ్యమనీ చర్మవైద్యులు చెబుతారు. మేనత్త మందులో ఉన్న షరతులు ఆ రెండే. నూనె వద్దు, మూడు రోజులకోసారి పోసుకో.

నా తల సంగతి చెప్పాలి. మెంతుల ముద్దతో దురద బాగా తగ్గింది. మెంతుల వల్లో, నూనె మానడం వల్లో, తరచుగా కడగడం వల్లో తెలియదు. పరీక్ష పెట్టందే అది విడదీయలేం. టీ ట్రీ ఆకు ఒకప్పుడు ఆస్ట్రేలియా ఆదివాసుల ఇంటి మందు. దాని నూనె అయిదు శాతం కలిపిన షాంపూని 2002లో నూట ఇరవై ఆరుమంది మీద పరీక్షించారు. వాడినవాళ్ళలో చుండ్రు 41 శాతం తగ్గింది, మందు కలపని షాంపూ వాడినవాళ్ళలో 11 శాతమే. మన మెంతులకీ వేపాకుకీ మనం ఇవ్వాల్సిన గౌరవం అలాంటిదే. ముసలమ్మల మాట కాబట్టి కొట్టిపారెయ్యడమూ, ముసలమ్మల మాట కాబట్టి కళ్ళకద్దుకోవడమూ, రెండూ ఆ మాట వినకపోవడమే. నిమ్మరసం రుద్దితే గోకి గోకి చిట్లిన చర్మం భగ్గుమంటుంది, అది నేను అనుభవించాను. మరుసటి చలికాలం కనుబొమల్లోకీ ముక్కు పక్కలకీ పాకినప్పుడు మాత్రం డాక్టరు దగ్గరికే వెళ్ళాను. ఆవిడ రాసిన కీటోకొనజోల్ షాంపూని అయిదు నిమిషాలు ఉంచి కడుక్కున్నాక అదుపులోకి వచ్చింది. ఈ జబ్బు పోదు, అదుపులో ఉంటుంది అని డాక్టరు చెప్పింది.

సిద్ధాంత గ్రంథం సమర్పించాక మళ్ళీ అమ్మమ్మ దగ్గరికి వెళ్ళాను. అప్పటికి ఇదంతా చదివి ఉన్నాను. మేనత్త నూనె వద్దన్నది ఎంత గొప్ప విషయమో అమ్మమ్మకి చెప్పాలని ఆరాటం. శిలీంధ్రం, జిడ్డు, ఆలివ్ నూనె అన్నీ చెప్పాను. అమ్మమ్మ శ్రద్ధగా విన్నది. ‘మరి ఆవిడకి ఎలా తెలిసిందంటావు అమ్మమ్మా? ఎవరైనా వైద్యుడు చెప్పాడా?’ అని అడిగాను.

అమ్మమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

‘వైద్యుడెవడు చెప్తాడే! పదిహేను రోజులకోసారి పెరటి గుమ్మంలోంచి మంగలి వచ్చేవాడు. అరుగు మీద కూర్చోబెట్టి గీసేవాడు. చలికాలం వస్తే అత్తయ్య నెత్తంతా గాట్లు, పొట్టు, ఒకటే దురద. రాత్రిళ్ళు గోక్కుంటుంటే చప్పుడు వినబడేది నాకు, పక్కనే పడుకునేదాన్నిగా. విధవకి తైలం కూడదు కదా, చుక్క నూనె రాసుకోనిచ్చేవారు కాదు. మా అందరికీ తలంటి పోసి, చేతికంటిన నూనె కూడా సున్నిపిండితో కడిగేసుకునేది. దోసెల్లోకి నానబోసిన మెంతులు కాసిని తీసి, పెరుగేసి నూరి, ఎవరూ చూడకుండా నెత్తికి రాసుకునేది. ముందు ఆవిడకే తగ్గింది. తరవాత మాకు వేసింది.’

నేను కథల్లో గీతలు గీసుకున్న మాట అప్పుడు గుర్తొచ్చింది. తైలసంస్కారం లేని తల ఒకటి, తనకి చెయ్యకూడదన్న దాన్నే తెలివిగా మార్చుకుని, మూడు తరాల జుట్టుకి మందయింది. ఇలా అనుకోగానే మళ్ళీ సర్దుకున్నాను. ఆవిడ నూనె మానలేదు, మాన్పించారు. ఆ మాన్పించడం వల్ల మంచి జరిగిందని రాసే హక్కు నాకు లేదు.

‘ఆవిడకి దురద పెట్టేదని మీ ఇంట్లో ఎవరికీ తెలియదా?’ అని అడిగాను.

‘తెలియకేం? ఎవరూ అడగలేదు’ అంది అమ్మమ్మ. ‘నువ్వు అడిగావు కాబట్టి చెప్పాను.’